లేత ఎండ

పిచ్చుకకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్లు మనిషిని సరిగ్గానే చూశారు. ఒకచోట కుదురుగా నిలబడదు, నోరు ఊరుకోదు, పని దొరికిందంటే చాలు దాని చుట్టూ గిరగిరా తిరుగుతుంది. బాబాయ్ రంగుల కొట్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఆమెది. కూర్చునే ఉద్యోగమని మనం అనుకోవడమే, సగం రోజు ఆమె కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ఆ పొద్దున షట్టర్ పూర్తిగా పైకి లేవకముందే దాని కిందనుంచి వంగి పిచ్చుక వాళ్ల అక్క లోపలికి వచ్చిపడింది. ఒక చేతిలో గోడనుంచి గీకి తెచ్చిన పెచ్చు, ఇంకో చేతిలో రంగు డబ్బా మూత. రెండూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టింది.

"కొంప మునిగిందే!" అంది.

అక్క గోడలకి రంగులు వేస్తుంది. చాలాకాలం ఒక మేస్త్రీ కింద పనిచేసింది. "నువ్వు సొంతంగా పని పట్టుకొస్తే నా మీసం తీసేస్తా" అని అతను నలుగురిలో నవ్విన రోజున బ్రష్షులు మూటగట్టుకుని బయటికొచ్చేసింది. ఇప్పుడు పట్టుకొచ్చింది కూడా. పళ్ల డాక్టరమ్మ కొత్తగా కట్టిన మూడంతస్తుల ఆసుపత్రికి ముందుగోడ అంతా అక్కదే. అది నచ్చితే లోపలి గదులు కూడా అక్కకే ఇస్తానని డాక్టరమ్మ మాట ఇచ్చింది. నచ్చకపోతే అవి మేస్త్రీకి పోతాయి. అతను అప్పుడే రెండుసార్లు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ చూసిపోయాడు. మీసం అలాగే ఉంది.

పిచ్చుక పెచ్చునీ మూతనీ చూసింది. రెండూ పసుపే. కానీ మూతకి అంటింది చల్లగా, పాలిపోయినట్టు ఉంది. పెచ్చు మీదది వెచ్చగా, లోపల ఏదో దీపం ఉన్నట్టుంది.

"ఇవి రెండూ ఒకటి కాదక్కా."

"అదే కదే నా ఏడుపు! మొదటి విడత డబ్బాలు ఈ కొట్లోనే తీసుకున్నా. బిల్లు మీద వెన్న పసుపు అని ఉంది. గోడ మూడొంతులు అయ్యాక డబ్బాలు అయిపోయాయి. నిన్న అదే బిల్లు చూపిస్తే నువ్వే కలిపిచ్చావు, వెన్న పసుపే. మెట్ల పక్క కాస్త వేసి ఆరనిచ్చా. పాత చొక్కాకి కొత్త జేబు కుట్టినట్టుంది. సాయంత్రం డాక్టరమ్మ వస్తుంది. ఆవిడకి ఆ గోడంటే ఎంత ఇష్టమో తెలుసా? రోజూ కారాపి చూసి మరీ వెళ్తుంది!"

"మళ్లీ మొత్తం వెన్న పసుపే వేసేస్తే?"

"సాయంత్రానికా? మూడంతస్తులా? పైగా ఆవిడకి నచ్చిన రంగు చెరిపేసి?"

నిన్న కలిపినప్పుడు పొరపాటు పడ్డానేమోనని పిచ్చుకకి అనుమానం వచ్చింది. గబగబా కంపెనీ రంగుల కార్డు తిరగేసి మూత పక్కన పెట్టి చూసింది. సరిగ్గా వెన్న పసుపే. ఆమె కలిపింది తప్పు కాదు. తప్పంటూ ఉంటే మొదటి విడతలోనే ఉంది. ఆ విడత కలిపిన రోజు పిచ్చుక సెలవులో ఉంది. కలిపింది బాబాయ్.

బాబాయ్‌కి రంగుల్లో తనంతటివాడు లేడని నమ్మకం. పైకి అనడు అనుకునేరు, రోజుకి నాలుగుసార్లు అంటాడు. పెచ్చు అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, చెయ్యి బారుగా చాపి చూశాడు, వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మన కొట్టుది కానే కాదు," అని తేల్చేశాడు. "పసుపులో ఇంత ఎర్రమట్టి ఎవడు కొడతాడు? ఎవడో చేతకానివాడు కలిపిన సరుకు."

"నువ్వే కలిపావు కదా బాబాయ్!" అంది అక్క.

"నేను కలిపింది వెన్న పసుపు. ఇది వెన్నలా ఉందా? నువ్వెప్పుడైనా వెన్న మొహం చూశావా?"

బిల్లుల బల్ల దగ్గరనుంచి పిన్ని తలెత్తకుండానే అంది. "కళ్లజోడు పెట్టుకుని మాట్లాడండి."

"నా కళ్లకేం? బంగారంలా ఉన్నాయి!"

ఆయన కళ్లజోడు ఎప్పుడూ పిన్ని చేతిసంచిలోనే ఉంటుంది. పెట్టుకుంటే ముసలాడినైపోయానని జనం అనుకుంటారని ఆయన బాధ. ఆ వాదన ఆ కొట్లో పాతదే కాబట్టి ఎవరూ చెవిన వేసుకోలేదు.

పిచ్చుక అప్పటికే రంగు చదివే పరికరం తీసి పెచ్చు మీద బోర్లించింది. గుప్పెట్లో పట్టేంత వస్తువు. రంగు పేరు చెప్పదు గానీ, దాన్ని మూడు అంకెలుగా చెప్తుంది. ఇంకోవైపు కొట్టు డేటాబేస్‌లో ప్రతి రంగుకీ అలాంటి మూడు అంకెలే ఉన్నాయి. కలిపే ఫారం తెరిచి, డ్రాప్‌డౌన్‌లో ఒక రంగు ఎంచితే, పక్కన ఆ అంకెలు పడతాయి. కింద చిన్న గడిలో ఆ రంగు కనిపిస్తుంది. 'కలుపు' అన్న బటన్ నొక్కితే మిషను తెల్లరంగులో ఎన్ని చుక్కలు ఏ రంగు వెయ్యాలో అన్నీ వేసేస్తుంది.

"ఆ అంకెలు ఏ రంగువో తెలిస్తే చాలక్కా. గోడ మీద ఏముందో అదే కలిపిచ్చేస్తా!"

"మరి చూడు!"

చూడటానికే వచ్చింది చిక్కు. డ్రాప్‌డౌన్‌లో రెండు వేలకు పైగా రంగులున్నాయి. అంకెలు ఒక్కో రంగునీ ఎంచితేనే కనపడతాయి. అన్నీ ఒకచోట ఉన్న పట్టికకి తాళం, ఆ తాళానికి పాస్‌వర్డు, ఆ పాస్‌వర్డు ప్రోగ్రాం రాసినతని దగ్గర. అతనేమో కంప్యూటర్లు వదిలేసి కోళ్ల ఫారం పెట్టుకున్నాడు. పిచ్చుక ఫోన్ చేస్తే ముందు కోళ్లు మాట్లాడాయి, తర్వాత అతను.

"పాస్‌వర్డా? ఎవరికి గుర్తుందమ్మా! కోళ్లకి దాణా వేసే టైము తప్ప నాకేం గుర్తులేదు."

"పోనీ, బయట ఇంకో ఫైలు తెరిచి, అందులోంచి కోడుతో మీ ఫారంలో డ్రాప్‌డౌన్‌ని కదిలించొచ్చా?"

అవతల కాసేపు కోళ్లే వినిపించాయి. "కదిలించొచ్చు," అన్నాడతను, గొంతులో పాత ఉత్సాహం ఏదో లేస్తూ. "భలే అడిగావే! ఫారం తెరిచి ఉంచు. లిస్టులో ఎన్ని ఉన్నాయో దాన్నే అడుగు, చెప్తుంది. ఒక్కోదాన్నీ ఎంచుకుంటూ పో. ఏమైందో నాకు చెప్పాలి మరి!"

ఇక పిచ్చుకకి పట్టపగ్గాల్లేవు. కొన్నాళ్లుగా భోజనాల వేళ వీడియోలు చూసి నేర్చుకున్న కోడంతా వేళ్లలోకి దిగింది. లిస్టులో ఎన్ని ఉన్నాయో అడుగు. ఒకటి నుంచి ఆ లెక్క దాకా నడువు. ఒక్కో రంగునీ ఎంచు, మూడు అంకెలూ చదువు, పెచ్చు అంకెలతో తేడా కట్టు, పేరుతో సహా రాసిపెట్టు, తర్వాతదానికి వెళ్లు. టైపు చేస్తున్నంతసేపూ పైకి చదువుకుంటూనే ఉంది.

"మిషను దానంతటది లిస్టులో తిరగడమేంటి?" అన్నాడు బాబాయ్. "చెయ్యి పెట్టి నొక్కకుండా!"

"చూస్తూ ఉండు బాబాయ్!"

నొక్కింది. కన్నుమూసి తెరిచేలోగా అయిపోయింది. అక్క ఎగిరి గంతేసింది. పిచ్చుక ఫలితం చూసి నాలుక కరుచుకుంది. రెండు వేల రంగులకీ ఒకే తేడా! కోడు ఎంత తొందరగా పరిగెత్తిందంటే, ఫారానికి కొత్త అంకెలు వేసుకునే వ్యవధే లేదు. పొద్దున చూడటానికి ఎంచిన వెన్న పసుపు అంకెలే తెరమీద ఉండిపోతే, ప్రతిసారీ అవే చదువుకుంటూ పోయింది.

"నీలాంటిదే!" అంది పిన్ని. "అవతలివాళ్లు నోరు తెరిచేలోగా జవాబు చెప్పేస్తుంది."

పిచ్చుక పకపకా నవ్వి, ఒక్కో రంగు ఎంచాక ఫారం అంకెలు మార్చుకునేదాకా ఆగమని ఇంకో వరుస చేర్చింది. మళ్లీ నొక్కింది.

ఈసారి చూడాలి ఆ తమాషా! డ్రాప్‌డౌన్‌లో పేర్లు వాటంతటవే మారిపోతున్నాయి. నిమ్మతొక్క, తడి ఇసుక, చిలకరెక్క, పాత ఇటుక, మబ్బు నీలం. పక్కన అంకెలు చిందులేస్తున్నాయి. కింది గడిలో ఒకదాని వెనక ఒకటి రంగులు వెలిగి ఆరుతున్నాయి. కొట్లో ఉన్న రంగులన్నీ వరసలో నిలబడి ఒక్కొక్కటే వచ్చి మొహం చూపించి వెళ్తున్నట్టుంది. పిన్ని బిల్లులు వదిలేసి వచ్చింది. బాబాయ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సున్నం కొనడానికి వచ్చిన మనిషి సున్నం సంగతే మర్చిపోయాడు. పసుపు రంగులు వచ్చినప్పుడల్లా అక్క "అదిగో, అదే!" అని పిచ్చుక భుజం గిల్లుతోంది.

"గిల్లకక్కా! అది చదువుకుంటోంది!"

ఆగింది. పిచ్చుక తేడా తక్కువున్నవి పైకి వచ్చేలా సర్దింది. అన్నిటికన్నా పైన 'గోధుమ మీగడ' వచ్చింది. చకచకా కొంచెం కలిపి, చెక్కముక్క మీద పూసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి పెచ్చు పక్కన పెట్టారు. అక్క చూసిన మరుక్షణం తల అడ్డంగా ఊపింది.

"దగ్గరగా ఉందే, కానీ ఇది కాదు. ఎండ పడిందంటే ఎక్కడ అతికామో ఎదురింటివాళ్లకి కూడా తెలిసిపోతుంది."

"నే చెప్పలా?" అన్నాడు బాబాయ్. "లిస్టు మొత్తం తిరిగొచ్చింది కదా మీ మిషను. లేదు. అది మన కొట్టుది కాదు."

అక్క బోర్లించిన డబ్బా మీద కూలబడింది. మెల్లగా చేతివేళ్ల మీద ఎండిన రంగు గీక్కుంటూ కూర్చుంది. రేపు పొద్దున ఆ మేస్త్రీ ఎలా నవ్వుతాడో ఆమెకి అప్పుడే వినిపిస్తోందని పిచ్చుకకి తెలుసు. ఆ నవ్వు తలుచుకుంటే పిచ్చుకకే ఒళ్లు మండింది. అక్కని మళ్లీ అతని బకెట్లు మొయ్యనిచ్చేది లేదు. ఛస్తే లేదు.

మళ్లీ ఫలితం ముందు కూర్చుంది. ఈసారి తేడా ప్రకారం కాకుండా, కోడు రాసుకున్న వరసలోనే పైనుంచి కిందిదాకా చూసుకుంటూ వచ్చింది. ఎక్కడైనా అంకె తప్పుపడిందా? లేదు. పేరు లేకుండా పోయిందా? లేదు, లేదు, లేదు. అట్టడుక్కి వచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది.

చిట్టచివరి వరసలో పేరు లేదు. అంకెలూ లేవు. ఖాళీ.

"ఇదేంటి?" అంది పైకే. "లిస్టులో ఎన్ని ఉన్నాయని అడిగితే ఒక లెక్క చెప్పింది. సరిగ్గా అన్నిసార్లే తిరిగా. చివర ఒకటి ఖాళీ వచ్చిందంటే..."

కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అంటే ఇంకెక్కడో ఒకటి తప్పిపోయింది!"

"ఎక్కడ?" అంది అక్క, తల ఎత్తుతూ.

పిచ్చుక నెత్తిమీద తనే ఒక్కటి మొట్టుకుంది. "నేను ఒకటి నుంచి మొదలుపెట్టానే! మనం ఒకటి నుంచి లెక్కపెడతాం. ఈ డ్రాప్‌డౌన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది! దీని లెక్కలో ఒకటోది అంటే రెండో రంగు. అన్నిటికన్నా పైనున్నదాన్ని అసలు ముట్టుకోకుండానే దాటేశా!"

అన్నిటికన్నా పైనున్నది ఏదో ఆ కొట్లో అందరికీ తెలుసు. రోజూ ఫారం తెరవగానే ముందు అదే పలకరిస్తుంది. అందరూ దాన్ని దాటుకునే కిందికి వెళ్తారు. దాని పేరు 'లేత ఎండ'. ఏ కంపెనీ కార్డులోనూ ఉండదు. బాబాయ్ పడుచువాడిగా ఉన్నప్పుడు సొంతంగా కలిపిన రంగు. ప్రోగ్రాం రాయించినప్పుడు పట్టుబట్టి దాన్ని అన్నిటికన్నా పైన పెట్టించాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా అరచేయంత అట్టముక్క మీద పూసి చూపించేవాడు. ఎండకి రంగేంటని జనం నవ్వేవాళ్లు. ఒక్కరంటే ఒక్కరు కొనలేదు. చూపించడం మానేసి కూడా చాలా ఏళ్లైంది.

పిచ్చుక 'ఒకటి' చెరిపేసి 'సున్నా' పెట్టింది. చివర ఒక్క అడుగు తగ్గించింది. నొక్కింది.

డ్రాప్‌డౌన్‌లో మొదటి పేరు పడింది. మూడు అంకెలు వచ్చాయి. పెచ్చు అంకెలు పక్కనే ఉన్నాయి. తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. మిగతా రెండు వేల రంగులు తిరిగేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? పిచ్చుక వేసిన కేకకి సున్నం కొనడానికి వచ్చిన మనిషి బెదిరిపోయాడు.

"దొరికింది! దొరికిందక్కా! లేత ఎండ! నీ గోడంతా బాబాయ్ రంగే!"

అక్కచెల్లెళ్లిద్దరూ కౌంటరు మీదనుంచే ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు. బాబాయ్ మాత్రం తెర దగ్గరికి మొహం పెట్టి చూస్తున్నాడు.

"అదెలా?" అన్నాడు చివరికి. "నేను వెన్న పసుపు ఎంచాను."

"ఎంచానని అనుకున్నారు," అంది పిన్ని. "ఆ రోజు నా సంచి నేను ఇంట్లో మర్చిపోయి వచ్చా. అందులోనే మీ బంగారు కళ్లకి పెట్టుకోవాల్సిన జోడు. తెరమీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఒకటే విసుక్కున్నారు. ఏదీ ఎంచకుండా బటన్ నొక్కేసి ఉంటారు. పైన ఉన్నది కలిసిపోయింది. బిల్లేమో మీరు నోటితో చెప్పింది నేను రాశాను."

"చేతకానివాడు కలిపిన సరుకు అన్నావుగా బాబాయ్!" అంది పిచ్చుక, ఊరుకోలేక.

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో రోజైతే చెడామడా తిట్టేవాడే. ఇవాళ తెల్లరంగు డబ్బా ఎత్తి తనే మిషను కింద పెట్టాడు.

తర్వాతంతా పరుగే. డబ్బాలు కలిసి, మూతలు బిగిసి, ఆటోలోకి ఎక్కాయి. కొట్టు పిన్నికి అప్పజెప్పి పిచ్చుక కూడా అక్కతో వెళ్లింది. అక్క మెట్ల పక్కనున్న అతుకుని ముందు కప్పేసి, ఆ తర్వాత మిగిలిన గోడ పట్టుకుంది. రోలర్ కిందికీ పైకీ నడుస్తుంటే పిచ్చుక ఆసుపత్రిలో దొరికిన పెద్ద ఫ్యాన్ ఈడ్చుకొచ్చి ఆరబెట్టింది. తడిగా ఉన్నంతసేపు కొత్త రంగు ముదురుగానే కనిపించింది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా గోడనే చూస్తూ నిలబడ్డారు. అంచులనుంచి మెల్లగా ఆరుతూ వచ్చింది. ఆరినచోటల్లా పాతదీ కొత్తదీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇంకాసేపటికి ఎక్కడ ఆపిందో అక్కే వేలు పెట్టి చూపించలేకపోయింది.

మేస్త్రీ రోడ్డుకి అవతల వచ్చి నిలబడ్డాడు. అతుకు కోసం గోడంతా కళ్లతో గాలించాడు. డాక్టరమ్మ కారు రావడం చూసి, దొరకలేదేమో, పని ఉన్నవాడిలా వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ కారు దిగి గోడ ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచింది. అక్కకి నోరు ఆగలేదు. అక్క అంతే, అబద్ధం లోపల ఉంచుకుని డబ్బు తీసుకోలేదు.

"డాక్టరుగారూ, ఒక మాట చెప్పాలి. మీరు కార్డులో ఎంచుకుంది ఈ రంగు కాదు. అది వెన్న పసుపు. కొట్లో పొరపాటున ఇది కలిసింది. నాకూ ఇవాళే తెలిసింది."

పిచ్చుక కళ్లు మూసుకుంది.

"ఓ, కార్డులో చూసిందా!" అంది డాక్టరమ్మ. "వెయ్యి ముక్కలు చూపిస్తే కళ్లు తిరిగి, ఏదో ఒకటి అన్నానమ్మా. తీరా గోడ మీద చూస్తే ఇంత బాగుందేంటా అనుకున్నా. పంటినొప్పితో వచ్చేవాళ్లకి ఇలాంటి గోడే కావాలి. లోపల కూడా ఇదే వేస్తావా? అన్ని గదులూ."

అక్క గట్టిగా తల ఊపింది. పిచ్చుకే ఆమె బదులు "వేస్తుందండి, వేస్తుంది!" అని రెండుసార్లు అంది.

అప్పుడు చూశారు, గేటు దగ్గర బాబాయ్‌నీ పిన్నినీ. కొట్టు మూసేసి వచ్చేశారు. వేళకాని వేళ ఆ కొట్టు మూసిన రోజు పిచ్చుకకి గుర్తులేదు. బాబాయ్ దూరంగానే ఆగిపోయాడు. తన రంగుని ఆయన ఇంతవరకూ అరచేతిని మించిన మేర ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడది మూడంతస్తులు లేచి ఎదురుగా నిలబడింది.

పిన్ని ఆయన్ని దాటి గోడదాకా వెళ్లింది. దగ్గరగా చూసింది, నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ చూసింది. ఆమె ఎన్నడూ ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. ఆ అట్టముక్క చూపించినప్పుడు కూడా సరిగ్గా చూడలేదు, లెక్కల్లో ఉండేది.

"ఏవండీ," అంది మెల్లగా. "ఇది మన మేడ మీద గది కదూ? మనం కొత్తగా కాపురం పెట్టింది. పొద్దున్నే కిటికీలోంచి ఎండ ఎదురుగోడ మీద పడేది, ఇలాగే. నేను దుప్పటి ముసుగు తీసి అదే చూస్తూ పడుకునేదాన్ని."

బాబాయ్ ఇన్నేళ్లుగా లిస్టులో అన్నిటికన్నా పైన పెట్టుకున్నదాన్ని చివరికి ఒకరు గుర్తుపట్టారు. గుర్తుపట్టాల్సిన మనిషే గుర్తుపట్టింది.

"ఆ కళ్లజోడు ఇలా ఇవ్వు," అన్నాడు.

పిన్ని సంచి తెరిచి ఇచ్చింది. ఆయన నలుగురూ చూస్తుండగానే పెట్టుకుని, గోడకేసి తల ఎత్తాడు.